బౌబజారు వీధిలో మన జిల్లా కుర్రాడు

చిన్నోడా, ఆ దుంగ కాస్త ఇటు జరుపు, పొగంతా మీ బామ్మ మొహాన కొడుతోంది. ఎండు చెరుకాకు రెండు గుప్పిళ్ళు వెయ్యి, చాలు. ఆఁ, ఇక కూర్చోండి అందరూ.

పొద్దున మన పెద్దమ్మాయి ఫోన్‌లో ఒక పేపరు తెచ్చి చూపించింది. ఎం.ఎస్సీ. క్లాసులో వచ్చే వారం దాని మీద మాట్లాడాలట. అర్ధవాహకాల్లో ఎక్సిటాన్లు గడ్డు చలిలో ఒక్కటిగా కూడుకోవడం, బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ కావడం. "తాతయ్యా, నువ్వు పాఠాలు చెప్పిన రోజుల్లో ఇది ఉందా?" అంది. ఉందమ్మా. కాగితం మీద ఉంది. ఉండి తీరాలని లెక్క చెబుతోంది, చూసినవాడు మాత్రం లేడు. నేను రిటైరై ఇన్నేళ్ళయ్యాక చూశారు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఉత్తరం రాసి చెప్పుకుందామంటే నాతో చదివినవాళ్ళెవరూ మిగల్లేదు. కాబట్టి మీకు చెప్తాను.

ఈ కథని అందరూ లెనిన్‌గ్రాడ్‌లో మొదలుపెడతారు. నేను గుడివాడలో మొదలుపెడతాను. మన ఉయ్యూరు నించి బస్సెక్కి పామర్రులో మలుపు తిరిగితే వచ్చే గుడివాడే.

సూరి భగవంతం గారని విన్నారా? 1909లో మన కృష్ణా జిల్లాలో పుట్టారు. గుడివాడలో బడి చదువు, హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్సీ. పేరు విన్నవాళ్ళు కూడా ఆయన పదవులే చెప్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, ఉస్మానియాకి వైస్ ఛాన్సలరు, బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. పుట్టపర్తి బాబా గారి సభల్లో పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన పెద్దమనిషిగా గుర్తున్నవాళ్ళూ ఉన్నారు. అన్నీ నిజమే. అయితే ఈ పదవులేవీ రాకముందు, ఇరవై రెండేళ్ళు కూడా సరిగా నిండని వయసులో ఆయన చేసిన పని ఒకటుంది. నా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే. మన జిల్లాలో పిల్లలకి అది ఎవరూ చెప్పరు. నాకు ఎప్పుడూ బాధగా ఉండే విషయం అదే.

1928లో ఆయన కలకత్తా వెళ్ళారు. ఆ ఏడు ఫిబ్రవరి 28న రామన్ గారు తన పేరుతో నిలిచిపోయిన ఎఫెక్ట్‌ని కనిపెట్టారు. బౌబజారు వీధి 210 నెంబరు ఇంట్లో ఇండియన్ అసోసియేషన్ అనే సంస్థ, అందులో ల్యాబు. దేశం నలుమూలల నించి కుర్రాళ్ళు అక్కడికి చేరారు. మన భగవంతం గారూ చేరారు. 1930లో రామన్ గారికి నోబెల్ వచ్చింది. అందరూ దండలేస్తున్న ఆ రోజుల్లోనే గురువూ శిష్యుడూ కలిసి ఇంకో ప్రశ్న పట్టుకున్నారు. వెలుగు కణానికి, అదే ఫోటాన్‌కి, తనదంటూ ఒక తిరుగుడు ఉందా?

ఈ ప్రశ్న వాళ్ళకి ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే ఢాకా వెళ్ళాలి. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఢాకా యూనివర్సిటీలో రీడరు. వెలుగు కణాల్ని లెక్కపెట్టే కొత్త పద్ధతి ఒకటి రాసి ఐన్‌స్టీన్‌కి పోస్టు చేశారు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి తిప్పి అచ్చు వేయించారు.

ఆ లెక్క మీకు మన చెరుకు బళ్ళతో చెప్తాను. మా నాన్న రోజుల్లో సీజను వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు నించి బారులు తీరి ఎడ్లబళ్ళు ఉండేవి. తూకం వంతు వచ్చేసరికి తెల్లారిపోయేది. చలికి బళ్ళ పక్కనే మంటలు వేసుకునేవాళ్ళు. మేం పిల్లలం అన్నం క్యారియరు తీసుకెళ్ళి అక్కడే పడుకునేవాళ్ళం. సరే, రెండు బళ్ళున్నాయనుకోండి. రాముడు, సోముడు ఇద్దరు మనుషులు ఎక్కాలి. ఎన్ని రకాలుగా ఎక్కొచ్చు? ఇద్దరూ మొదటి దాంట్లో, ఇద్దరూ రెండో దాంట్లో, రాముడు ఇందులో సోముడు అందులో, సోముడు ఇందులో రాముడు అందులో. నాలుగు. ఇప్పుడు మనుషుల బదులు రెండు చెరుకు గడలు తీసుకోండి. ఒకే చేలోవి, ఒకే పొడుగు, ఏది ఏదో ఆ దేవుడు కూడా చెప్పలేనంత ఒకేలా ఉన్నవి. చివరి రెండు రకాలూ ఒకటే అయిపోయాయి గదా? మొత్తం మూడే మిగిలాయి. మనుషుల విషయంలో ఇద్దరూ ఒకే బండిలో ఉండే అవకాశం నాలుగింట రెండు, గడలకి మూడింట రెండు. అంటే పోల్చుకోలేని వస్తువులు ఒకచోట చేరే అవకాశం ఎక్కువ. ఏ బలమూ వాటిని లాగక్కర్లేదు, లెక్కపెట్టే తీరులోనే ఆ మొగ్గు ఉంది. బోస్ గారు చూసింది ఇదే. మరుసటి ఏడు, 1925లో ఐన్‌స్టీన్ దీన్ని పరమాణువుల వాయువుకి వర్తింపజేసి, బాగా చల్లారిస్తే వాటిలో పెద్ద భాగం అట్టడుగు స్థితిలోకి ఒక్కసారిగా దిగిపోవాలని రాశారు. కండెన్సేట్ అంటే అదే.

బోస్ గారి లెక్కలో ఒక చోట 2తో గుణించాలి. లేకపోతే ప్లాంక్ సూత్రం రాదు. ఆ 2 ఎందుకో అచ్చయిన వ్యాసంలో వివరంగా లేదు. ఫోటాన్‌కి శక్తి, ద్రవ్యవేగంతో పాటు తనలోనే ఒక తిరుగుడు, కోణీయ ద్రవ్యవేగం, ఉండి ఉండొచ్చని బోస్ గారు ఊహించారట. ఈ మాట ఆయన తమకి స్వయంగా తెలియజేశారని రామన్, భగవంతం తమ వ్యాసంలో రాసుకున్నారు. చూశారా, ఢాకాలో ఒకాయన మనసులో మాట కలకత్తాలో ఇద్దరి చేతికి వచ్చింది, వాళ్ళు దాన్ని ల్యాబులోకి తీసుకెళ్ళారు.

ఏం చేశారంటే, వాయువు నింపిన పాత్రలోకి కాంతి పంపించి, పక్కకి చెదిరి వచ్చే కాంతిని పట్టారు. చెదరడం అంటే ఫోటాన్ అణువుని ఢీకొని దారి మళ్ళడం. ఆ వచ్చేది ఎంత పల్చటి వెలుగంటే, ఫోటో ప్లేటు మీద పడాలంటే చాలాసేపు ఓపిగ్గా కాచుకోవాలి. ఆ చెదిరిన కాంతిలో మధ్యన అసలు రంగు గీత, దాని అటూ ఇటూ రంగు కొద్దిగా మారిన రెక్కలు ఉంటాయి. అణువు తిరుగుడు మారినప్పుడు పుట్టేవి ఆ రెక్కలు. ఈ రెంటినీ విడగొట్టి, ఏ దాంట్లో ధ్రువణం ఎంత చెడిందో కొలిచారు. ఢీకొన్నప్పుడు అణువు తిరుగుడు మారితే ఫోటాన్ తిరుగుడు కూడా దానికి తగ్గట్టు మారాలి, లెక్క సరిపోవాలి. అలా చూస్తే ఫోటాన్ స్పిన్ సరిగ్గా ఒక ప్రమాణం అని తేల్చారు. 1931లో నేచర్ పత్రికలోను, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లోను వచ్చింది. వాళ్ళ వాదం మొత్తం ఇవాళ్టి పుస్తకాల్లో అదే రూపంలో కనబడదు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ అనే ఆయన సన్నటి తీగకి క్వార్ట్జ్ బిళ్ళ వేలాడదీసి, దాని మీద కాంతి పంపిస్తే బిళ్ళ మెలి తిరగడం కొలిచి, నేరుగా చూపించారు. అయినా ప్రయోగంతో ఆ మాట ముందు అన్నది కలకత్తాలో ఈ ఇద్దరే.

"ఎక్సిటాన్ ఏదీ?" అంటున్నావా అమ్మడూ? అక్కడికే వస్తున్నా.

కణాలు రెండు జాతులు. స్పిన్ ఒకటి, రెండు, సున్నా ఇలా పూర్ణాంకంగా ఉన్నవి బోస్ గారి లెక్కకి లోబడతాయి, ఒకచోట చేరతాయి. వాటిని బోసాన్లంటారు. స్పిన్ సగం ఉన్న ఎలక్ట్రాన్ వంటివాటిలో ఒకదాని చోట్లోకి ఇంకోటి రాదు. ఇలా ఎందుకో పౌలీ 1940లో నిరూపించారు. అంటే ఎవరు కూడుకోగలరు, ఎవరు కూడుకోలేరు అనేది ఆ తిరుగుడే తేలుస్తుంది. ఫోటాన్‌కి ఆ తిరుగుడు ఎంతో బౌబజారు వీధిలో కొలిచిన వాళ్ళలో ఒకరు మన జిల్లా కుర్రాడు. నేను గుడివాడలో ఎందుకు మొదలెట్టానో ఇప్పుడు అర్థమైందా?

సరిగ్గా అదే 1931లో లెనిన్‌గ్రాడ్‌కి చెందిన యాకొవ్ ఫ్రెంకెల్ ఇంకో ఆలోచన చేశారు. స్ఫటికం మీద కాంతి పడితే అది మింగేస్తుంది. ఆ శక్తి వెంటనే వేడిగా మారిపోతుందా, లేక ముందు ఇంకేదైనా అవుతుందా? ముందు ఒక ఉద్రిక్త స్థితిగా మారి స్ఫటికంలో ఒక చోటు నించి ఇంకో చోటికి పయనిస్తుందని ఆయన లెక్క కట్టారు. అదే ఎక్సిటాన్. తర్వాత 1937లో వానియర్ అర్ధవాహకాలకి సరిపోయే రూపం ఇచ్చారు. దాన్ని ఇలా చూడండి. ఫోటాన్ వచ్చి ఒక ఎలక్ట్రాన్‌ని దాని చోటు నించి పైకి లేపింది. అది లేచిన చోట ఖాళీ ఏర్పడింది. పక్క ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి జరిగితే ఖాళీ పక్కకి జరిగినట్టే, కనక ఆ ఖాళీ కూడా ధనావేశం ఉన్న ఒక కణంలాగే తిరుగుతుంది. రంధ్రం అంటాం దాన్ని. ఎలక్ట్రాన్ ఋణం, రంధ్రం ధనం. రెండూ ఒకదాన్నొకటి వదలకుండా చుట్టుకు తిరుగుతాయి. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్ బదులు రంధ్రం ఉందనుకో, అదే ఎక్సిటాన్.

ఎలక్ట్రాన్ స్పిన్ సగం, రంధ్రం స్పిన్ సగం. రెండూ కలిస్తే సున్నా గానీ ఒకటి గానీ. పూర్ణాంకం! విడివిడిగా ఉన్నప్పుడు ఒకే చోటికి రానివి జంటగా కట్టుకున్నాక బోసాన్లవుతాయి. మరి బోసాన్లయితే చల్లారిస్తే కండెన్సేట్ కావాలి గదా? కావాలి. ఇది మొదట గట్టిగా అన్నది 1962లో. సోవియట్ యూనియన్‌లో మొస్కలెంకో, అమెరికాలో బ్లాట్, బోయర్, బ్రాండ్ట్ ఒకరికొకరు తెలియకుండా అన్నారు.

దీనికి ఇంకో ఆశ కూడా తోడైంది. కండెన్సేట్ కావాలంటే కణం ఎంత తేలికైతే అంత మంచిది, అంత తక్కువ చలి సరిపోతుంది. 1995లో అమెరికాలో కార్నెల్, వీమన్ రుబిడియం పరమాణువులతో మొదటిసారి కండెన్సేట్ చేసినప్పుడు కెల్విన్‌లో కోటి వంతులో ఒకటిన్నర వంతుకి కాస్త పైన, 170 నానోకెల్విన్ దాకా పోవాల్సి వచ్చింది. రుబిడియం పరమాణువు ఎలక్ట్రాన్ కంటే లక్షన్నర రెట్లు బరువు మరి. ఎక్సిటాన్ బరువు ఎలక్ట్రాన్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ద్రవ హీలియం ఇచ్చే చలి, 4 కెల్విన్‌లో ఏదో ఒక స్ఫటికంలో సులువుగా అయిపోతుందనే అనుకున్నారు. పరమాణువుల వాళ్ళ కంటే ముప్ఫై ఏళ్ళు ముందు బయల్దేరి, వాళ్ళ తర్వాత పాతికేళ్ళకి గాని చేరలేదు. ఎందుకంటారా? ఎక్సిటాన్ బతకదు. ఎలక్ట్రాన్ తిరిగి రంధ్రంలో పడితే అయిపోయింది, ఒక వెలుగు మెరుపు, అంతే. మామూలు అర్ధవాహకంలో సెకనులో వందకోట్లో వంతు బతుకు. పుట్టినప్పుడు వేడిగా పుడుతుంది. చచ్చేలోపు చల్లారాలి, చల్లారాక కూడుకోవాలి. ఆ కాస్త సమయంలో ఎక్కడవుతుంది?

అందుకని ఎక్కువ కాలం బతికే ఎక్సిటాన్ కోసం వెతికారు. దొరికింది. క్యుప్రస్ ఆక్సైడ్. ఎర్రటి రాయి, రాగి ఖనిజం. అంతకుముందే 1952లో లెనిన్‌గ్రాడ్‌లోనే యెవ్గెనీ గ్రాస్, కర్రియెవ్ ఈ రాయి వర్ణపటంలో గీతల వరస చూశారు. హైడ్రోజన్ గీతల్లాగే ఒక దాని పక్కన ఒకటి దగ్గరవుతూ పోతున్నాయి. ఎక్సిటాన్ ఉందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఈ గ్రాస్ కూడా మొదట కాంతి చెదరడం మీద పనిచేసిన మనిషే, మన రామన్ గారి దారిలోవాడే. ఫ్రెంకెల్ గారు మాత్రం ఆ ఏడు జనవరిలోనే పోయారు. ఇరవై ఏళ్ళ కింద తాను కాగితం మీద రాసిన దానికి సాక్ష్యం దొరికిన ఏడే ఆయన లేకుండా పోయారని చదివినప్పుడు మనసు చివుక్కుమంది నాకు.

ఇంకో చిత్రం. 2014లో నమీబియాలోని త్సుమెబ్ గని నించి వచ్చిన క్యుప్రస్ ఆక్సైడ్ స్ఫటికంలో జర్మనీ వాళ్ళు ఆ వరసలో 25వ గీత దాకా చూశారు. ఆ స్థితిలో ఒక్క ఎక్సిటాన్ అడ్డకొలత రెండు మైక్రాన్లు. భూమి తనంతట తాను పెంచిన రాయి, ల్యాబులో పెంచిన స్ఫటికాల కన్నా శుద్ధంగా ఉంది.

ఇప్పుడు మళ్ళీ భగవంతం గారి దగ్గరికి రావాలి. క్యుప్రస్ ఆక్సైడ్‌లో ఎక్సిటాన్ ఎందుకు ఎక్కువ బతుకుతుంది? ఎలక్ట్రాన్ ఉండే పై పట్టీకి, రంధ్రం ఉండే కింది పట్టీకి ఒకే రకమైన సౌష్ఠవం ఉంది. అందుచేత ఒక్క ఫోటాన్‌ని వదిలి ఎలక్ట్రాన్ సులువుగా కిందికి దిగలేదు, నియమం ఒప్పుకోదు. అందులోనూ అన్నిటి కంటే అడుగున ఉండే పారాఎక్సిటాన్ అనే రకానికి స్పిన్ కూడా అడ్డమొస్తుంది. దాని బతుకు మైక్రోసెకన్ల లెక్కలోకి వస్తుంది. ఏ స్ఫటికంలో ఏది అనుమతి, ఏది నిషేధం అని చెప్పే గణితం గ్రూప్ థియరీ. స్ఫటికాల కంపనాలకి ఆ గణితాన్ని వాడే పద్ధతిని 1939లో వాల్తేరులో భగవంతం గారు, వెంకటరాయుడు గారు కలిసి రాశారు. 1948లో వాళ్ళ పుస్తకం ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. స్ఫటికాల రామన్ వర్ణపటం చదివేవాళ్ళు ఇప్పటికీ వాళ్ళ పేర్లు చెప్పుకుంటారు.

ఆ యూనివర్సిటీ 1926లో మన బెజవాడలోనే మొదలైంది, తెలుసా? తర్వాత గాని వాల్తేరు పోలేదు. భగవంతం గారు 1932లో అక్కడ లెక్చరరుగా చేరారు, ఇరవై ఎనిమిదేళ్ళకే ప్రొఫెసరయ్యారు. నేను వెళ్ళేనాటికి ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారు. మా నాన్న చెరుకు డబ్బు చేతికొచ్చాక ట్రంకుపెట్టె కొనిచ్చి, బెజవాడలో హౌరా మెయిలు ఎక్కించారు. సముద్రం అంతకుముందు బందరులో చూశాను గానీ కొండ పక్కన సముద్రం అదే చూడ్డం. లైబ్రరీలో ఆ పుస్తకం తీసి మొదటి పేజీలో ఇద్దరు తెలుగువాళ్ళ పేర్లు చూసినప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను. మాకు ద్రవ హీలియం అన్నది పుస్తకంలో మాట. ఆ గణితం మాత్రం కాగితం, పెన్సిలు ఉంటే చాలు, ఉయ్యూరు కుర్రాడైనా చెయ్యొచ్చు. ఎన్ని రాత్రులు చేశానో. సున్నా వస్తే నిషేధం, సున్నా కాకపోతే అనుమతి. ఆ లెక్క తేలినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకే చదువులోనూ కలగలేదు.

ఇంక వెతుకులాట సంగతి. జర్మేనియంలో చూస్తే ఎక్సిటాన్లు చల్లారగానే ఇంకో పని చేశాయి. జంటలు విడిపోయి ఎలక్ట్రాన్లూ రంధ్రాలూ కలిసి ద్రవంలాగా చుక్కలు కట్టాయి. ఇలా అవుతుందని మాస్కోలో కెల్దిష్ 1968లో చెప్పారు. 1975లో బర్క్‌లీలో ఆ చుక్కకి ఫోటో కూడా తీశారు. అందమైన విషయమే, కానీ కావాల్సింది అది కాదు.

క్యుప్రస్ ఆక్సైడ్‌లో 1980ల చివర్లో, 90ల మొదట్లో ఉల్ఫ్, స్నోక్, మిసిరోవిచ్ వంటివాళ్ళు కండెన్సేట్ ఆనవాళ్ళు కనిపిస్తున్నాయన్నారు. వెలుగు వర్ణపటం ఆకారం బోస్ లెక్కతో సరిపోతోంది. ప్రపంచమంతా సంబరపడింది. తర్వాత ఎక్సిటాన్లు నిజంగా ఎన్నున్నాయో వేరే దారిలో కొలిస్తే, అనుకున్నదానికంటే చాలా తక్కువున్నాయి. కారణం ఏమిటంటే, రెండు ఎక్సిటాన్లు దగ్గరకొస్తే ఒకటి చచ్చి తన శక్తిని రెండోదానికి ఇస్తుంది, అది వేడెక్కిపోతుంది. ఎక్కువ పుట్టిస్తే ఎక్కువ చస్తాయి, మిగిలినవి కాగిపోతాయి. కూడుకోవాలంటే దగ్గరగా ఉండాలి, దగ్గరైతే చస్తాయి! ఆ తప్పు పట్టుకున్నవాళ్ళలో మొదట ఆ మాట అన్న స్నోక్ కూడా ఉన్నారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

2002లో బుటోవ్ ఒకవైపు, స్నోక్ ఒకవైపు గాలియం ఆర్సెనైడ్ పొరల్లో పెద్ద వెలుగు వలయాలు చూశారు. బుటోవ్ చూసిన వలయం పూసలదండలాగా ముక్కలై ఉంది. ఆ వలయం మటుకు కండెన్సేట్ వల్ల కాదు, ఎలక్ట్రాన్లు ఒకవైపు రంధ్రాలు ఒకవైపు నించి వచ్చి కలిసే సరిహద్దు అని 2004 కల్లా తేలింది. ఎక్సిటాన్ వెలుగుతో ముడిపడ్డ పోలారిటాన్ అనే తేలిక కణంతో 2006లో 19 కెల్విన్ దగ్గర కండెన్సేట్ చేశారు. అది గట్టి ఫలితమే. కాని నా లాటివాడికి ఆ ఎర్రరాయిలో ఉత్త ఎక్సిటాన్ మీదే ఆశ. 1962లో అన్న మాట తీరాలని.

2022లో తీరింది. టోక్యో యూనివర్సిటీలో మొరితా, యోషియోకా, గొనోకామి. వాళ్ళ ఉపాయం వినండి, ఎంత తెలివైనదో. స్ఫటికాన్ని ఒక చోట గట్టిగా నొక్కారు. నొక్కిన చోట లోపల ఒక గుంట లాంటి స్థితి ఏర్పడుతుంది, పారాఎక్సిటాన్లు జారి దాని అడుగుకి చేరతాయి. అలాంటి గుంటలో కండెన్సేట్ మొదలవడానికి కావాల్సిన కణాల సంఖ్య ఉష్ణోగ్రత ఘనాన్ని బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత సగం చేస్తే ఎనిమిదో వంతు కణాలు చాలు. కాబట్టి ఎక్సిటాన్లు పెంచడం మానేసి చలి పెంచారు. రెండు రకాల హీలియం కలిపి వాడే ఫ్రిజ్‌లో స్ఫటికాన్ని పెట్టి, ఎక్సిటాన్లని 400 మిల్లీకెల్విన్ కిందికి, అంటే పరమ సున్నాకి అర డిగ్రీ లోపు దూరానికి తెచ్చారు. కణాలు పల్చగా ఉంటే ఢీకొట్టుకు చావడం తగ్గింది.

మరి చూడ్డం ఎట్లా? ఈ ఎక్సిటాన్ వెలుగు ఇవ్వదు గదా, ఎక్కువ బతికేది అందుకే గదా. పక్క నించి పరారుణ కాంతి పంపించారు. ఎక్సిటాన్ ఆ కాంతిని మింగి తన పై మెట్టుకి ఎక్కుతుంది, హైడ్రోజన్ ఎక్కినట్టే. మింగిన చోట నీడ పడుతుంది. ఆ నీడ చూస్తే గుంట అడుగున, ఒక హద్దు దాటగానే, వేడి వాయువు లెక్కకి అందని చిన్న మూక కనపడింది. ఎక్సిటాన్లలో కొద్ది వంతే అది. ఎక్కువ భాగం కూడుకుంటుందనుకున్న సిద్ధాంతానికి ఇంత తక్కువెందుకన్నది అంతుపట్టలేదు. మీ అక్కకి చెప్పడానికి దొరికిన ప్రశ్న అది, రాసుకో తల్లీ.

"ఇంట్లో వేడికి అవుతుందా తాతయ్యా" అంటున్నాడు వీడు. వెంటనే కాదురా. ఎలక్ట్రాన్లని ఒక పొరలో, రంధ్రాలని పక్క పొరలో పెడితే అవి కలిసి చావడం కష్టం, జంట మటుకు నిలుస్తుంది. 1975లో లొజోవిక్, యూద్సన్ చెప్పిన ఆలోచన. ఒక పరమాణువు మందాన పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి 2019లో చేసి చూస్తే 100 కెల్విన్ దాకా ఆనవాళ్ళు కనిపించాయి. అంటే సున్నా డిగ్రీలకి 173 కింద. ద్రవ నైట్రోజన్‌కి కాస్త పైన. ఇది నిలబడితే హీలియం అక్కర్లేదు, మన దేశంలో చాలా కాలేజీల్లో ఉన్న చలే సరిపోతుంది. ఇంకా చాలా పరీక్షలు మిగిలాయి. అసలు పరీక్ష, ఆ మూక అడ్డు లేకుండా ప్రవహిస్తుందా అన్నది. ఎక్సిటాన్‌కి ఆవేశం లేదు, తీగ కట్టి కరెంటు కొలవలేం. రెండు పొరలకీ వేరువేరుగా తీగలు కట్టి, ఒకదాంట్లో ఇటూ ఇంకోదాంట్లో అటూ కరెంటు పంపిస్తే జంట మొత్తంగా ఒక వైపు కదిలినట్టవుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో కాల్టెక్‌లో ఐసెన్‌స్టీన్ 2004లో ఇలా చేసి, అడ్డు దాదాపు మాయమవడం చూపించారు. క్షేత్రం లేకుండా ఆ కొత్త పొరల్లో అదే కొలత చెయ్యాలి. నీ ఉపన్యాసంలో ఆ మాట చివర పెట్టు. మొదట్లో మటుకు 1931 పెట్టు, నేచర్ పత్రికలో ఆ ఇద్దరి పేర్లూ ఉన్న పేజీ బోర్డు మీద వెయ్యి.